పెట్టె మనది – మాట ఎవరిది?

‘ప్రోగ్రాము’ అనే మాట తెలుగు పల్లెలలోకి కంప్యూటరు కంటె చాలా ముందే వచ్చింది. రేడియోలో సాయంకాలం వినవచ్చే పాటల కచేరీ ప్రోగ్రామే. పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు ఆడే నాటకమూ ప్రోగ్రామే. అటు పిమ్మట వచ్చిన కంప్యూటరు ఏ పనిని ఏ వరుసలో చేయాలో చెప్పే ఆదేశాల పట్టికకు కూడా అదే పేరు స్థిరపడింది. ఒకటి మనిషిని అలరించేది, మరొకటి యంత్రాన్ని నడిపించేది. రెండింటికీ ఒకే పేరు రావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, అందులో ఒక సత్యం ఇమిడి ఉన్నది. పెట్టె ఎంత విలువైనదైనా, దానికి లోపలి నుండి ఆదేశమూ, వెలుపలి నుండి మాటా అందకపోతే అది వట్టి పెట్టె మాత్రమే.

నేడు బజారులో ఒక ఫోను కొన్నవాడు ఒకే వస్తువును కొన్నానని భావిస్తాడు. నిజానికి అతని చేతికి వచ్చినవి మూడు: కంటికి కనిపించే యంత్రం, దానిని నడిపే ఆదేశావళి, దాని తెరమీద కనిపించే పాటలు, పుస్తకాలు, చిత్రాలు. ఈ మూడింటినీ తానే తయారు చేసి అమ్మే మహాసంస్థలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటి వైభవాన్ని గురించి వినడమే తప్ప, ఈ మూడు పొరలకూ గల సంబంధం ఏమిటో, వాటిలో ఒకటి తప్పుకుంటే మిగిలిన రెండింటి గతి ఏమవుతుందో ఆలోచించేవారు తక్కువ. ఆ సంబంధాన్ని తెలుసుకోవడానికి విదేశాల దాకా పోనక్కరలేదు. హైదరాబాదులో పుట్టిన ఒక ప్రభుత్వ సంస్థ చరిత్ర చాలు. ఆ చరిత్రలోని ఒక ముఖ్యమైన పుట మధ్య భారతంలోని బిలాస్‌పూర్ జిల్లాలో వ్రాయబడింది.

అరపా నది ఒడ్డున తెలుగు

బిలాస్‌పూర్ రైలు పెంచిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే సంస్థ నాగపూరు నుండి ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా తూర్పునకు పట్టాలు పరచి, 1891 నాటికి ఆసన్‌సోల్‌ను చేరుకున్నది. ఆ దారిలో బిలాస్‌పూర్ ప్రధాన కూడలి అయింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఛత్తీస్‌గఢ్‌కూ ఉత్తర కోస్తా తీరానికీ తిన్నని దారి ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఖరగ్‌పూర్‌కు ఉద్యోగాలకై తరలివెళ్ళినట్లే తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌కూ వెళ్ళాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ దానిలోనివే. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలో చేరిన తరువాత కూడా బంధుత్వాలు అలాగే నిలిచాయి. పెళ్ళి సంబంధానికి విజయనగరం, ఉద్యోగానికి బిలాస్‌పూర్ అన్నది ఎన్నో కుటుంబాలలో రెండు మూడు తరాలుగా నడచిన మాట.

పట్టణంలోని దయాల్‌బంద్ వంటి పేటలలోనూ, రైల్వే కాలనీలలోనూ పెరిగే తెలుగు పిల్లవాడికి ఇంటిలో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, తండ్రి కార్యాలయపు కాగితాలలో ఇంగ్లీషు. నాలుగు భాషల నడుమ నిలుచున్న ఇటువంటివానికి, ఒక యంత్రం ఏ భాషలో మాట్లాడుతుంది, ఎవరి తరఫున మాట్లాడుతుంది అన్నవి పండితుల చర్చకు పరిమితమైన ప్రశ్నలు కావు. అవి ప్రతిదినం ఎదురయ్యే ప్రశ్నలు.

ట్రాంబే నుండి హైదరాబాదుకు

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టం పుచ్చుకొని స్వదేశానికి తిరిగివచ్చాడు. హోమీ భాభా నాయకత్వాన అణుశక్తి పరిశోధన ఆరంభమైన తొలి దినాలలోనే ఆయన అందులో చేరాడు. 1956లో ట్రాంబేలో ‘అప్సర’ అణు రియాక్టరు పనిచేయనారంభించినప్పుడు, దాని నియంత్రణ పరికరాలు మన దేశంలోనే తయారు కావడం వెనుక ఆయన కృషి ఉన్నది.

రియాక్టరు లోపల ఏమి జరుగుతున్నదో మనిషి తొంగిచూడలేడు. సూచికలు చెప్పినదే అతనికి ఆధారం. ఆ సూచికలను పరదేశం నుండి తెప్పించుకుంటే, అవి చెడిపోయిన రోజున బాగుచేయించుకోవడానికి కూడా పరదేశం వైపే చూడవలసి వస్తుంది. ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలో స్వయంసమృద్ధి కావాలన్న పట్టుదల ఈ అనుభవం నుండి పుట్టినదే. 1963లో భాభా అధ్యక్షతన నియమితమైన ఎలక్ట్రానిక్స్ సంఘం ఈ విషయాన్ని దేశవ్యాప్తంగా పరిశీలించింది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. ఆ సంఘం నివేదిక అదే సంవత్సరం వెలువడింది.

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ స్థాపితమైంది. జనం నోట అది ఇ.సి.ఐ.ఎల్. దాని స్థాపనకు మూలపురుషుడు సాంబశివరావే. నగరపు ఈశాన్య దిక్కున సంస్థ పేరుతో ఒక కూడలి, ఆయన పేరుతో ఎ. ఎస్. రావు నగర్ అనే పేట వెలిశాయి. సిటీ బస్సు కండక్టరు రోజూ అరిచే ఆ పేరు ఒక శాస్త్రజ్ఞునిదని ఎక్కినవారందరికీ తెలియకపోవచ్చు. 2003లో ఆయన మరణించేనాటికి ఆ ప్రాంతం నగరంలో పూర్తిగా కలిసిపోయింది.

ఒకే సంస్థ ఎన్ని రకాల వస్తువులు తయారు చేయగలదనడానికి ఇ.సి.ఐ.ఎల్. మంచి ఉదాహరణ. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు, కంప్యూటర్లు, టెలివిజన్ సెట్లు, వైర్‌లెస్ పరికరాలు, వోటింగు యంత్రాలు, ఆకాశం వైపు చూసే భారీ యాంటెన్నాలు — ఇవన్నీ ఆ కర్మాగారాల నుండి వెలువడినవే. 2008లో చంద్రయాన్–1 పంపిన సంకేతాలను అందుకొన్న 32 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా ఒకటి బెంగుళూరు సమీపాన బ్యాలాలు గ్రామంలో ఉన్నది. దాని నిర్మాణంలోనూ ఈ సంస్థదే ప్రధాన పాత్ర.

4,096 మాటల జ్ఞాపకం

1969లో ట్రాంబేలో రూపుదిద్దుకొని, ఆ తరువాత హైదరాబాదులో తయారై అమ్మకానికి వచ్చిన కంప్యూటరు పేరు టి.డి.సి.–12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది దాని పూర్తి పేరు. 12 అన్నది అది ఒక్కసారిగా పట్టుకోగల అంకెల సంఖ్య — ఒకటి లేక సున్న చొప్పున పన్నెండు స్థానాలు. అటువంటి పన్నెండు స్థానాల వరుసను ఒక ‘పదం’ అనుకుంటే, మొదటి నమూనా జ్ఞాపకంలో నిలిచే పదాలు 4,096.

ఇది ఎంత చిన్న జ్ఞాపకమో తెలియాలంటే నేటి కొలతతో పోల్చాలి. 4,096ను 12తో గుణిస్తే 49,152 స్థానాలు. ఎనిమిదేసి స్థానాలు ఒక బైటు చొప్పున 6,144 బైట్లు. ఈనాడు ఫోనులో తెలుగు నిలువ చేసే పద్ధతిలో ఒక్కొక్క అక్షరాంశానికి మూడేసి బైట్లు కావాలి. ‘క’కు మూడు, దానికి గుణింతం తగిలిస్తే మరి మూడు, ఒత్తు వస్తే ఇంకా ఎక్కువ. ఆ లెక్కన ఆ కంప్యూటరు జ్ఞాపకం యావత్తూ ధారపోసినా ఈ వ్యాసంలో కొద్ది భాగమే పడుతుంది.

అయినా ఆ యంత్రం చేయవలసిన పని వ్యాసాలు దాచడం కాదు. ఒక కర్మాగారంలో వేడి ఎంత, ఒత్తిడి ఎంత అన్న కొలతలను క్షణక్షణమూ చదివి, హద్దు మీరినప్పుడు హెచ్చరించడం వంటి పనులకు అది చాలు. దాని వెంట టి.డి.సి.–312, 316 వచ్చాయి. 1978లో ‘మైక్రో–78’ వచ్చింది. 1970 దశకంలో ఇ.సి.ఐ.ఎల్. అమ్మిన కంప్యూటర్ల సంఖ్య సుమారు వంద. వాటిలో చాలా భాగం ప్రభుత్వ ప్రయోగశాలలకూ, విశ్వవిద్యాలయాలకూ చేరాయి.

సంస్థ తడబడిన చోటు కూడా ఇదే. యంత్రాన్ని నిర్మించడం ఒక విద్య; దానిని వాడుకొనేవానికి కావలసిన ఆదేశావళులను సిద్ధం చేసి అందించడం మరొక విద్య. కొన్నవాడికి యంత్రం చేతికి వచ్చినంత సులువుగా ప్రోగ్రాములు రాలేదు. అచ్చు వేసే పరికరాలు, సమాచారం దాచే పరికరాలు కొరతగానే ఉండేవి. విడిభాగాలకు దిగుమతి తప్పలేదు. 1978 ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు చిన్న కంప్యూటర్ల తయారీకి అనుమతి లభించింది. 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటరు విధానం దిగుమతులను సులభతరం చేసింది. అప్పటి నుండి సాధారణ కంప్యూటర్ల బజారులో ఇ.సి.ఐ.ఎల్. వెనుకబడింది. అయితే ఆ కర్మాగారంలో చేయి తిరిగిన ఇంజనీర్లు వృథా కాలేదు. కంప్యూటరు విద్యకు హైదరాబాదు ఒక నెలవు కావడానికి పునాదిరాళ్ళు వేసినవారిలో వారూ ఉన్నారు.

తీగవల గొడుగు

యంత్రం, ఆదేశం, మాట — ఈ మూడింటి సంబంధాన్ని ఇంతకంటె స్పష్టంగా చూపిన సంఘటన 1975లో జరిగింది. ఆ సంవత్సరం ఆగస్టు 1న ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం ఆరంభమైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఎ.టి.ఎస్.–6 ఉపగ్రహాన్ని తూర్పు ఆఫ్రికా పైన, భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు జరిపి, దాని ద్వారా భారతదేశపు పల్లెలకు తిన్నగా టెలివిజన్ పంపడం ఆ ప్రయోగం సారాంశం. 1969లో ఈ ఒడంబడికకు కారకుడైన విక్రమ్ సారాభాయ్ 1971లోనే మరణించినందువల్ల తన కల ఫలించడం చూడలేదు.

ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకున్నారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, రాజస్థాన్, మధ్యప్రదేశ్ ఆ ఆరు రాష్ట్రాలు. మధ్యప్రదేశ్‌లో ఈ అవకాశం నాటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి దక్కింది. రాయపూర్‌తోపాటు బిలాస్‌పూర్ జిల్లా పల్లెలు కూడా ఆ జాబితాలో చేరాయి. అప్పటి బిలాస్‌పూర్ జిల్లా చాలా పెద్దది. 1998లో విడిపోయిన కోర్బా, జాంజ్‌గిర్–చాంపా జిల్లాలు కూడా ఆనాడు అందులోని భాగాలే.

ఆ పల్లెలకు టెలివిజన్ సెట్లు వచ్చినది హైదరాబాదు నుండి. వాటిని తయారుచేసినది ఇ.సి.ఐ.ఎల్. దుమ్ముకూ, ఎండకూ, కరెంటు హెచ్చుతగ్గులకూ తట్టుకొనేట్లు వాటిని నిర్మించారు. కరెంటు లేని కొన్ని గ్రామాలకు బ్యాటరీతో నడిచే సెట్లు ఇచ్చారు. సెట్టుతోపాటు పది అడుగుల వ్యాసం గల గొడుగు వంటి యాంటెన్నా ఒకటి. అది కోళ్ళగూళ్ళకు వాడే తీగవలతో చేసినది, తేలిక, చవుక. ఆకాశంలో అంత ఎత్తు నుండి వచ్చే బలహీనమైన సంకేతాన్ని ఆ వల పట్టి సెట్టుకు అందించేది. పంచాయతీ ఇంటిముందో, బడి వసారాలోనో సెట్టు పెట్టి ఊరందరూ కూడి చూడడం ఏర్పాటు.

ఉదయం ఒకటిన్నర గంట పిల్లలకు; సాయంకాలం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వార్తలు, పాటలు, ఆటలు ప్రసారమయ్యేవి. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం — నాలుగు భాషలు. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఆ ఉపగ్రహం ఒకే చిత్రంతోపాటు రెండు శబ్దమార్గాలను మోయగలదు. అందుచేత ఆంధ్ర, కర్ణాటక పల్లెలు ఒకే బొమ్మను చూస్తూ, ఒకరు తెలుగులో, మరొకరు కన్నడంలో వినగలిగారు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా రైతూ, రాయచూరు జిల్లా రైతూ ఒకే విత్తనాన్ని తెరమీద చూశారు; దాని పేరు మాత్రం ఎవరి భాషలో వారు విన్నారు. సెలవులలో వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఈ సెట్ల ద్వారానే విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు.

బిలాస్‌పూర్ పల్లెలకు వచ్చిన భాష హిందీ. ఢిల్లీలో తయారైన హిందీ కార్యక్రమాలు రాజస్థాన్‌కూ, బీహారుకూ, ఛత్తీస్‌గఢ్‌కూ కలిపి ఉద్దేశించినవి. ఇంట ఛత్తీస్‌గఢీ మాట్లాడే స్త్రీకి ఆ హిందీ అర్థం కానిది కాదు, అలాగని తన సొంతమూ కాదు. దూరపు చుట్టం మాటలా అది వినిపించి ఉంటుంది. అయినప్పటికీ, ఆరోగ్య విషయాలలో ఎక్కువ లాభం పొందినవారు స్త్రీలూ, చదువురానివారూ అని ప్రయోగాన్ని పరిశీలించినవారు నమోదు చేశారు. పుస్తకం తలుపు మూసి ఉన్నవారికి ఈ పెట్టె ఒక కిటికీ తెరిచింది.

ఆ కిటికీ 1976 జూలై 31న మూసుకుపోయింది.

ఉపగ్రహం ఒక్క సంవత్సరానికే ఎరువు. గడువు తీరగానే అది తిరిగి అమెరికా అవసరాలకై పడమటికి జరిగిపోయింది. మరునాడు కూడా బిలాస్‌పూర్ పల్లెలలో సెట్లు ఉన్నాయి. తీగవల గొడుగులు ఉన్నాయి. సాయంకాలం కూడే జనం ఉన్నారు. పైనుండి రావలసిన మాట ఒక్కటే లేదు. హైదరాబాదు చేసిన పెట్టెలో లోపం లేదు, అహమ్మదాబాదులో రూపొందిన యాంటెన్నాలో లోపం లేదు. ఆకాశంలోని ఆధారం మనది కాదు, అంతే. 1977లో రాయపూర్‌లోనూ, హైదరాబాదులోనూ భూమి మీది ప్రసార కేంద్రాలు వెలిసి కొంత లోటు తీర్చాయి. కాని వాటి ప్రసారం అందే మేర పరిమితం. ఆ మేరకు అవతల ఉన్న పల్లెలకు మళ్ళీ నిరీక్షణే. సొంత ఉపగ్రహం లేనిదే గ్రామ టెలివిజన్ నిలవదని ఆ నిశ్శబ్దం నేర్పింది. 1983లో ఇన్సాట్–1బి పనిలోకి వచ్చిన తరువాత గాని ఆ పాఠం ఆచరణలోకి రాలేదు.

రైలు టిక్కెట్టు చెప్పే సంగతి

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణ రైల్వేలలో కనబడుతుంది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషను ఇచ్చే ఏర్పాటు మొదలయింది. దాని ఆదేశావళిని రచించినది సి.ఎం.సి. అనే ప్రభుత్వ రంగ సంస్థ. యంత్రాలు మాత్రం అమెరికన్ డిజిటల్ సంస్థవి. మొదట్లో ఒక్కొక్క ప్రాంతపు కంప్యూటరు ఒక్కొక్క ద్వీపం. ఒక ప్రాంతపు యంత్రానికి మరొక ప్రాంతపు బండిలో ఖాళీలున్నదీ లేనిదీ తెలియదు. దూరప్రయాణం చేసేవారికి తిరుగు టిక్కెట్టు ఒక బెంగ.

ఈ ద్వీపాలను కలిపే ‘కన్సర్ట్’ అనే ఆదేశావళిని రైల్వేల సొంత సమాచార కేంద్రమైన క్రిస్ రూపొందించి, 1994లో మొట్టమొదట సికిందరాబాదులో ప్రయోగించింది. 1999 ఏప్రిల్ నాటికి సికిందరాబాదు, ఢిల్లీ, కలకత్తా, ముంబయి, చెన్నై కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి ముడివడ్డాయి. అప్పటి నుండి బిలాస్‌పూర్ కిటికీ దగ్గర నిలుచుని ఏ మూలనుండి ఏ మూలకైనా చోటు అడగడం సాధ్యమైంది.

గమనించవలసినది ఏమంటే, ఇక్కడ పెట్టె పరాయిది, ఆదేశం మనది. కాలక్రమాన పాత యంత్రాలు పోయి కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిని తయారుచేసిన డిజిటల్ సంస్థే 1998లో మరొక సంస్థలో కలిసిపోయింది. రిజర్వేషను మాత్రం ఆగలేదు. చొక్కా మార్చినంతమాత్రాన మనిషి మారనట్లే, యంత్రం మారినా లోపలి క్రమం నిలిచింది. ‘సైట్’లో పెట్టె మనది అయికూడా మాట ఆగిపోయింది, ఇక్కడ పెట్టె పరాయిది అయికూడా పని ఆగలేదు. స్వావలంబన అన్నది పెట్టె మీది ముద్రను బట్టి తేలేది కాదని ఈ రెండు అనుభవాలూ కలిసి చెబుతున్నాయి.

సీలు వేసిన యంత్రం

మరి పెట్టె, ఆదేశం రెండూ మనవే అయితే? అప్పుడు చిక్కులు ఉండవా? వోటింగు యంత్రం చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

1977లో ఎన్నికల సంఘానికి కలిగిన ఆలోచన మేరకు ఇ.సి.ఐ.ఎల్. 1979లో ఒక నమూనా తయారు చేసింది. 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపించారు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ పనిలో భాగస్వామి అయింది. 1982 మేలో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో మొదటిసారి యంత్రంతో వోట్లు వేయించారు. యంత్రం పనిచేసింది, చట్టం మాత్రం అడ్డువచ్చింది. వోటు బ్యాలెట్ పత్రంతో వేయాలని చట్టంలో ఉండగా యంత్రంతో వేయించడం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1989లో చట్టం సవరణ అమలులోకి వచ్చిన పిమ్మట, 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 శాసనసభ స్థానాలలో మళ్ళీ ప్రయోగం జరిగింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు 2003లో వచ్చిన మొట్టమొదటి శాసనసభ ఎన్నికలు ఈ యంత్రాల మీదనే సాగాయి. 2004లో దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు వీటితోనే జరిగాయి.

ఈ యంత్రంలోని గొప్పతనం దాని సామాన్యతలో ఉన్నది. బ్యాటరీతో నడుస్తుంది గనుక కరెంటు లేని అడవి పల్లెలోనూ పనిచేస్తుంది. వెలుపలి తీగతో గాని, గాలిలోని సంకేతంతో గాని దానికి సంబంధం లేదు. అక్షరం రానివారు గుర్తును చూసి మీట నొక్కితే చాలు. ఆదేశావళిని ఒక్కసారే లోపల ముద్రిస్తారు, తిరిగి వ్రాయడానికి వీలుండదు. ‘సైట్’ సెట్టు ఆకాశం మీద ఆధారపడితే, వోటింగు యంత్రం ఎవరి మీదా ఆధారపడకుండా ఏకాంతంగా కూర్చుంటుంది.

కాని ఆ ఏకాంతం నుండే మరొక ప్రశ్న పుట్టింది. దయాల్‌బంద్‌లో ఒక వోటరు మీట నొక్కినప్పుడు లోపల ఏమి జరిగిందో అతడు ఎలా తెలుసుకుంటాడు? కాగితం మీద వేసిన ముద్ర కంటికి కనిపిస్తుంది. యంత్రంలో పడిన వోటు కనిపించదు. వోటు ఎవరికి పడినదీ ఏడు సెకన్ల పాటు ఒక చీటీ మీద చూపే పరికరాన్ని 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో మొదట వాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి దానిని ప్రతి పోలింగు కేంద్రంలోనూ అమర్చారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ కాగితపు వోటుకు మరలాలన్న కోరికను తిరస్కరిస్తూనే, ఫలితాల తరువాత రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు కోరితే నిర్ణీత సంఖ్యలో యంత్రాల లోపలి ఆదేశాలను ఇంజనీర్లచేత పరీక్ష చేయించే మార్గం కల్పించింది. వస్తువు మనదైనంతమాత్రాన ప్రజలకు నమ్మకం దానంతటదే కలగదనీ, పరీక్షకు నిలబెట్టి దానిని సంపాదించుకోవలసిందేననీ దీని భావం.

ఒక అక్షరం, ఒక పుస్తకం

నేటి మహాసంస్థల సరకులను ఈ మూడు అనుభవాల వెలుగులో చూడవచ్చు. యంత్రమూ, ఆదేశమూ, మాటా మూడూ ఒకరి చేతిలోనే ఉండడం వల్ల సౌకర్యం ఎక్కువ; ఒకదానికొకటి చక్కగా అమరుతాయి. కాని పట్టు తప్పినప్పుడు మూడూ ఒక్కసారే తప్పుతాయి.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో సందేశంగా వస్తే, ప్రపంచ ప్రసిద్ధమైన ఆపిల్ ఫోనులో సందేశాలు తెరుచుకోకుండా ఆగిపోయేవి. యంత్రం అత్యుత్తమమైనదే, కాని తెలుగు ఒత్తునూ గుణింతాన్నీ కూర్చే ఆదేశంలో ఒక చిన్న లొసుగు ఉండిపోయింది. సంస్థ కొద్ది రోజులలోనే సవరణ పంపింది. జ్ఞానానికి మొదటి అక్షరం ముందే అంత తెలివైన యంత్రం తలవంచవలసి వచ్చిందని తెలుగువారు నవ్వుకున్నారు. కాని నవ్వు వెనుక నిజం ఉన్నది. కోట్లాదిమంది మాట్లాడే భాష అయినా, ఆదేశం వ్రాసేవారి దృష్టిలో పూర్తిగా పడకపోతే ఇటువంటివి తప్పవు.

మరొకటి పుస్తకాల సంగతి. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ 2014 నుండి నాయకత్వం వహిస్తున్న మైక్రోసాఫ్ట్ సంస్థ యంత్రాలూ అమ్మింది, ఆదేశావళులూ అమ్మింది, తెరమీద చదివే పుస్తకాలూ అమ్మింది. 2019లో ఆ పుస్తకాల దుకాణాన్ని మూసివేసింది. కొన్నవారి సొమ్ము తిరిగి ఇచ్చింది గాని, పుస్తకాలు మాత్రం వారి తెరల మీద నుండి మాయమయ్యాయి. కొన్నామనుకున్నది నిజానికి చదువుకొనే అనుమతి మాత్రమే. ఇచ్చినవారు ఉన్నంతకాలమే అది ఉంటుంది. బిలాస్‌పూర్ పల్లెలలో ‘సైట్’ తెర చీకటి పడిన 43 సంవత్సరాలకు, ధనిక దేశాల చదువరులకు కూడా అదే అనుభవం కలిగింది. అదే సంస్థకు చెందిన విండోస్–10కు భద్రతా సవరణల ఉచిత సరఫరా 2025 అక్టోబరు 14తో ముగిసింది. పెట్టె బాగానే ఉన్నా లోపలి ఆదేశం వృద్ధాప్యంలో పడింది.

ఇందుచేత యంత్రాలను విడిచిపెట్టమని గాని, స్వదేశపు ముద్ర ఉంటే చాలునని గాని తాత్పర్యం కాదు. వస్తువును కొనేముందు గృహస్థుడైనా, గ్రంథాలయమైనా, ప్రభుత్వమైనా మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఈ పెట్టె చెడిపోతే బాగుచేసేవారు అందుబాటులో ఉన్నారా? లోపలి ఆదేశం ఎవరి చేతిలో ఉన్నది, ఎంతకాలం దానిని కాపాడుతామని వారు మాట ఇచ్చారు? ఇందులో దాచుకున్న ఉత్తరాలు, బొమ్మలు, పుస్తకాలు రేపు మరొక పెట్టెలోకి మార్చుకోవడానికి వీలున్నదా? మూడింటికీ సమాధానం దొరికితే ఆ వస్తువు కొన్నవానిది. ఒక్కదానికే దొరికితే, అతడు అద్దె ఇంటిలో ఉన్నట్లు.

దూరదేశంలో తెలుగు నిలుపుకొనే కుటుంబాలకు మూడవ ప్రశ్న మరీ ముఖ్యం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాయనమ్మ చెప్పిన కథను మనుమడు ఫోనులో పట్టి దాచవచ్చు. అది మంచిదే. కాని ఆ కథ ఒకే సంస్థ తాళం క్రింద ఉంటే, ఆ తాళం చెవి ఇంటివారి దగ్గర లేనట్లే. అదే కథను రెండు చోట్ల దాచడం, వీలైతే ఒక ప్రతిని కాగితం మీద తెలుగు లిపిలో వ్రాసి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆ వ్రాసే వంకన మనుమడికి అక్షరాలు కూడా వస్తాయి. హిందీ బడిలో చదివే పిల్లవానికి తెలుగు లిపిని ఫోను చూపగలదు, పలికి వినిపించగలదు. చేయి పట్టి దిద్దించడం మాత్రం ఇంటిలోనివారు చేయవలసిన పని.

సాంబశివరావు తరం వారు సూచికలు మనవి కావాలని పట్టుపట్టారు. ‘సైట్’ తరం వారు ఆకాశంలోని మెట్టు కూడా మనది కావాలని తెలుసుకున్నారు. రిజర్వేషను వ్యవస్థను నిర్మించినవారు ఆదేశం చేతిలో ఉంటే పెట్టె మారినా భయం లేదని నిరూపించారు. వోటింగు యంత్రం చుట్టూ నేటికీ సాగుతున్న చర్చ, పరీక్షకు నిలిచినదే నమ్మదగినదని గుర్తు చేస్తున్నది. పెట్టె కొనడం ఒక్కరోజు పని. దానిలోని మాటను మనదిగా నిలుపుకోవడం మాత్రం ప్రతి తరమూ మళ్ళీ మళ్ళీ చేయవలసిన పని.